పెట్రోలు పొదుపు మీటలో ఉందా, పాదంలో ఉందా?

ప్రశ్న: నేను వైరా దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఖమ్మం నుంచి రోజూ రానుపోను 46 కిలోమీటర్లు కారులోనే తిరుగుతాను. రెండేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు, ఆటోమేటిక్ గేర్లు. గేరు పక్కన ఎకో, నార్మల్, స్పోర్ట్ అని మూడు మోడ్‌లు ఉన్నాయి. ఎప్పుడూ ఎకోలోనే నడపమని, దిగుడు వస్తే న్యూట్రల్‌లో వదలమని మావారు అంటారు. మా మామగారు ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "ఆ మీట నొక్కితే బండి మొద్దుబారుతుంది. ఇంకా లోతుగా తొక్కాలి. అప్పుడు ఇంకా ఎక్కువ తాగుతుంది" అని ఆయన వాదన. నేను సంక్రాంతి సెలవుల తర్వాత కొన్ని వారాలు ఎకోలో నడిపితే మీటరు సగటున 17.4 చూపింది. ఏప్రిల్లో నార్మల్‌లో నడిపితే 15.9 వచ్చింది. అంటే మావారే గెలిచినట్టా? ఇంకో సంగతి. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయికి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాం. దానికీ ఎకో ఉంది. రెండూ ఒకటేనా?

— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: తీర్పు చెప్పమన్నారు కాబట్టి ముందు సాక్ష్యం చూద్దాం టీచరుగారూ. మీ అంకెలు రెండూ నిజమే అయి ఉంటాయి. కానీ ఒకటి సంక్రాంతి చలిలో తీసింది, రెండోది ఏప్రిల్ ఎండలో తీసింది. జనవరిలో పొద్దున్నే బయల్దేరితే అద్దం కాస్త దించుకుంటే చాలు, ఏసీ జోలికి పోనక్కరలేదు. ఏప్రిల్లో అలా కుదురుతుందా? పైగా అవి ఒంటిపూట బడుల రోజులు. మీరు ఇంటికి బయల్దేరేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. పొద్దుటి నుంచి ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీసి, స్టీరింగ్ పట్టుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుని, ఏసీని ఆఖరి నంబరుకు తిప్పి గానీ కదిలి ఉండరు. ఖమ్మం ఎండ గురించి ఖమ్మం వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది కూడా ఇంజనే. మీ కారు లాంటి 1,200 కిలోల బండి చదునైన రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్నప్పుడు చక్రాల దగ్గర కావలసిన బలం లెక్క కడితే సుమారు ఆరు హార్స్‌పవర్ తేలుతుంది. అంతే. బ్రోచర్లో నూరో నూట ఇరవయ్యో రాసి ఉంటుంది. అది ఇంజనుకు ఉన్న సత్తా. రోజువారీ ఖర్చు మాత్రం ఆరే. మండుటెండలో ఏసీ ఒక్కటే రెండు నుంచి నాలుగు హార్స్‌పవర్ లాగుతుంది. ఆరుగురు మోసే పల్లకీలో పెళ్లికూతురితో పాటు తోడపెళ్లికూతురూ ఎక్కి కూర్చున్నట్టన్నమాట. కాబట్టి మీకు కనిపించిన ఆ తొమ్మిది శాతం తేడాలో పెద్ద వాటా ఎండది. ఎకోకు దక్కేది మిగిలిన చిన్న వాటా. మీవారు ఇంకా గెలవలేదు. అలాగని ఓడిపోనూ లేదు.

మీ మామగారు ఉద్యోగంలో చేరిన రోజుల్లో బస్సుల్లో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజను దాకా కడ్డీయో తీగో ఉండేది. కాలి బలం నేరుగా ఇంధనం పంపును కదిలించేది. ఇప్పటి కార్లలో ఆ తీగ లేదు. పెడల్ దగ్గర ఒక సెన్సరు ఉంటుంది. 'ఇంత లోతు తొక్కారు' అని అది కంప్యూటరుకు కబురు పంపుతుంది, అంతవరకే. మీరు తొక్కడం అర్జీ పెట్టుకోవడం లాంటిది. ఎంత మంజూరు చేయాలో కంప్యూటరు చూసుకుంటుంది. స్పోర్ట్‌లో కూర్చున్న ఆఫీసరు ధారాళమైన మనిషి. పావు అడిగితే సగం ఇస్తాడు. ఎకోలో కూర్చున్నాయన పిసినారి. సగం అడిగినా పావు చేతిలో పెట్టి పంపిస్తాడు. ఇంజను మారదు, పెట్రోలు మారదు, మంజూరు చేసే చెయ్యి మారుతుంది. బండి మొద్దుబారిందని మీ మామగారికి అనిపించడంలో తప్పేమీ లేదు. పాతికేళ్లకు పైగా తీగ బండ్లు తొక్కిన కాలికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

అయితే, ఎక్కువ తొక్కితే ఎక్కువ తాగుతుందన్న మాట తీగ ఉన్న కాలానికి చెల్లింది. ఇప్పుడు పెడల్ లోతు పెట్రోలుకు కొలత కాదు. ఎకోలో పెడల్ సగం దాకా పోయి 60 అందుకున్నా, నార్మల్‌లో పావు దాకానే పోయి 60 అందుకున్నా, వేగం పెరిగిన తీరూ, గేర్లు మారిన తీరూ ఒకటే అయితే ఖర్చూ ఒకటే. ఆయన మాటలో పనికొచ్చే భాగం వేరే ఉంది. ఎకో బద్ధకానికి విసుగెత్తి, 'కదలవే' అంటూ పెడల్‌ను నేలకు తొక్కేవాళ్లకు మిగిలేదేమీ ఉండదు. చాలా కార్లలో అలా అడుగంటా తొక్కగానే కంప్యూటరు ఎకో సంగతి పక్కన పెట్టి, గేరు కిందికి దించి, ఉన్న బలమంతా ఇచ్చేస్తుంది. పిసినారి ఆఫీసరు కూడా బల్ల గుద్ది అడిగితే సంతకం పెడతాడు.

నిలకడగా పోతున్నప్పుడు ఎకో ఏం చేస్తుందని చాలామంది అడుగుతారు. దాదాపు ఏమీ చేయదు. 60లో పోవడానికి ఆరు హార్స్‌పవర్ కావాలి. గాలి, టైర్ల రాపిడి మీ డాష్‌బోర్డు మీద ఏ దీపం వెలుగుతోందో చూసి రాయితీ ఇవ్వవు. పై గేరు పడిపోయాక ఎకోకూ నార్మల్‌కూ మధ్య ఏసీ తప్ప చెప్పుకోదగ్గ తేడా మిగలదు. ఎకో సంపాదించేదల్లా బండి కదిలి వేగం అందుకునేటప్పుడు, ఊళ్లలో ఆగుతూ సాగేటప్పుడు.

అక్కడ కూడా ఎక్కువ భాగం సంపాదించేది గేర్లే. పెట్రోలు ఇంజనుకు ఒక వింత గుణం ఉంది. తక్కువ పని చెబితే తక్కువ తింటుంది గానీ, తిన్నదాన్ని బాగా వృథా చేస్తుంది. కొబ్బరి బోండంలో స్ట్రా వేసుకుని, ఆ స్ట్రాను రెండు వేళ్లతో నొక్కిపెట్టి తాగి చూడండి. నీళ్లు రావడం సంగతి అలా ఉంచి, పీల్చడానికే బుగ్గలు నొప్పి పెడతాయి. పెట్రోలు ఇంజను గాలి పీల్చుకునే దారిలో థ్రాటిల్ అనే తలుపు ఉంటుంది. మీకు తక్కువ బలం చాలు అన్నప్పుడు ఆ తలుపు దాదాపు మూసుకుంటుంది. ఇంజను నొక్కిపెట్టిన స్ట్రాతో గాలి పీల్చుకుంటూ తిరుగుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఆ బాధ కూడా అంత ఎక్కువసార్లు పడాలి. అదే బలాన్ని పై గేరులో 1,600 చుట్లతో రాబడితే తలుపు ఎక్కువగా తెరుచుకుంటుంది, పీల్చే బాధ తగ్గుతుంది, లోపలి రాపిడి కూడా తగ్గుతుంది. ఎకోలో మీ ఆటోమేటిక్ గేరుబాక్సు చేసేది ఇదే. నార్మల్‌లో కాసేపు ఆగి మార్చే గేరును ఎకోలో ముందుగానే మార్చేస్తుంది. రేపు బడికి వెళ్లేటప్పుడు చుట్ల ముల్లు మీద ఒక కన్ను వేయండి. తేడా కంటికే కనిపిస్తుంది.

ఈ కారణంగానే మరీ నత్తనడకన వేగం పెంచడం కూడా పొదుపు కాదు. కింది గేర్లలో ఈడుస్తూ ఉండిపోతే స్ట్రా నొక్కిపెట్టి తాగుతున్నట్టే. హుందాగా, తడబాటు లేకుండా వేగం అందుకుని, త్వరగా పై గేరులో పడటం మేలు. గేర్లు చేత్తో మార్చుకునే కార్లున్న పాఠకులు ఒకటి గమనించాలి. మీ కారులో ఎకో మీట ఉన్నా గేరు మార్చేది అది కాదు, మీ చెయ్యి. ఆ మీట పెడల్‌ను మెత్తబరచి, కొన్ని మోడళ్లలో ఏసీని కాస్త తగ్గించి ఊరుకుంటుంది. డాష్‌బోర్డులో గేరు పెంచమని బాణం గుర్తు వస్తుంటే దాని మాట వినండి. మీటకంటే అది ఎక్కువ మిగులుస్తుంది.

దీపానికీ మోడ్‌కూ తేడా తెలియక చాలామంది పొరపడతారు. కొన్ని స్కూటర్ల స్పీడోమీటర్లో ఆకుపచ్చ ఎకో దీపం వెలుగుతుంది. అది మోడ్ కాదు. మీరు నెమ్మదిగా నడుపుతున్నారని మెచ్చుకోవడం మాత్రమే. టీచరు నోటుబుక్కులో రైటు గుర్తు పెట్టినట్టు. ఆ దీపం ఇంజనులో వేలు పెట్టదు. కంప్యూటర్లు లేని రోజుల్లోనూ ఇలాంటి మీటర్లు ఉండేవి. ఇంజను గాలి పీల్చే గొట్టంలో ఒత్తిడిని ఒక ముల్లు చూపించేది. ముల్లు అటు ఉంటే పొదుపు, ఇటు వాలితే దుబారా. 1973 చమురు సంక్షోభం తర్వాత అవి బాగా వాడుకలోకి వచ్చాయి. తర్వాత 2009 నాటి హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్ కారులో మీటర్ వెనకాల రంగే మారేది. మెత్తగా నడిపితే ఆకుపచ్చ, దూకుడుగా తొక్కితే నీలం. దాంతోపాటు నొక్కడానికి ఒక ఈకాన్ బటనూ ఇచ్చారు. దీపమూ మోడ్ రెండూ ఒకే చోట చేరిన బండి అది. ఇప్పుడు మన దగ్గర నెక్సాన్, క్రెటా, ఇన్నోవా క్రిస్టా లాంటి కార్లలో ఎకో బటను మామూలైపోయింది.

ఏసీ విషయానికి వస్తే, ఎకోలో చాలా కార్లు కంప్రెసర్‌ను తక్కువసేపు తిప్పుతాయి. నిజమైన పొదుపు ఇక్కడ కొంత ఉంది. కానీ చల్లదనం చాలడం లేదని మీరు వెంటనే 24 నుంచి 18కి దించితే కథ మొదటికొస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కారెక్కిన వెంటనే అద్దాలన్నీ దించి ఒక అర కిలోమీటరు పోనివ్వండి. లోపలి వేడి గాలి బయటికి పోయాక అద్దాలు ఎత్తి ఏసీ వేసుకోండి. కంప్రెసర్‌కు కొంత పని తగ్గినట్టే.

ఇంతా కలిపి మీలాంటి ప్రయాణంలో, మామూలుగా నెమ్మదిగా నడిపే మనిషికి ఎకో వల్ల మిగిలేది రెండు నుంచి ఐదు శాతం. నేను చూసిన బండ్లలో అంతకు మించి రాలేదు. మీరు నెలకు సుమారు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు. 16 మైలేజీ లెక్కన 63 లీటర్లు. మూడు శాతం అంటే రెండు లీటర్ల కంటే కాస్త తక్కువ, 200 రూపాయల చిల్లర. ఉత్తినే వస్తోంది కాబట్టి వదులుకోనక్కరలేదు. దానికోసం ఇంట్లో మాటామాటా అనుకోవడం మాత్రం దండగ.

మీ మామగారి దగ్గర ఇంతకంటే విలువైన సరుకు ఉంది. ఆయన్ని కేఎంపీఎల్ గురించి అడగండి. కళ్లు మెరుస్తాయి. ఆర్టీసీ డిపోల్లో ఏ డ్రైవరు లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో లెక్క రాస్తారు. బాగా తెచ్చినవాళ్లను పిలిచి సత్కరిస్తారు. వెనకబడినవాళ్ల పక్కన సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని, ఎక్కడ తప్పు జరుగుతోందో చూస్తాడు. అదే డిపో, అదే రూటు, అదే బస్సు, డ్రైవరు మారితే లెక్క మారుతుంది. ఏ ఎకో బటనూ లేని బస్సుల్లో ఆ తేడా తెచ్చింది వాళ్ల పాదాలే. స్టాపు దూరంగా కనబడగానే పెడల్ మీంచి కాలు తీసేస్తారు. బస్సు తన ఊపు మీద తాను పోయి, చివర్లో కాస్త బ్రేకు తగిలించగానే ఆగుతుంది. మనమేం చేస్తాం? స్పీడ్ బ్రేకరు పది గజాల్లోకి వచ్చేదాకా తొక్కి, అప్పుడు బ్రేకు మీద నిలబడతాం.

ఆ బ్రేకు ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. లెక్కల టీచరైతే మీరే సరిచూసుకోవచ్చు. 1,200 కిలోల కారు 60 వేగంలో ఉన్నప్పుడు దాని చలన శక్తి సుమారు 167 కిలోజౌళ్లు. దాన్ని 15కి దించితే 156 కిలోజౌళ్లు బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలుస్తాయి. లీటరు పెట్రోల్లో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, ఇంజను నాలుగో వంతే చక్రాలకు అందిస్తుంది. ఆ ప్రకారం ఒక్కో స్పీడ్ బ్రేకరు దగ్గర మీరు పారబోసేది 20 మిల్లీలీటర్ల పెట్రోలు. నాలుగు టీ చెంచాలు. తనికెళ్ల, కొణిజర్ల దాటుకుంటూ వైరా చేరేలోగా పదిసార్లు ఇలా గట్టిగా బ్రేకు వేస్తారనుకుందాం. రానుపోను ఇరవై. రోజుకు 400 మిల్లీలీటర్లు. మీ రోజువారీ ఖర్చు మూడు లీటర్ల లోపు. అంటే ఏడింట ఒక వంతు బ్రేకులకు నైవేద్యం. వంద, నూటయాభై గజాల ముందే కాలు తీసి, అందులో సగం మిగుల్చుకున్నా ఏడు శాతం. మీట ఇచ్చేదానికంటే ఎక్కువ. మీ మామగారిని రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లండి. ఎక్కడ కాలు తీయాలో ఆయన చెబుతారు. ఆయన నోరు ఊరుకోదు, అది మీరు భరించాలి.

మీవారి న్యూట్రల్ సలహా మాత్రం ఈ రోజు నుంచే మానేయండి. కార్బురేటర్ కాలంలో ఆ మాటకు ఏదో ఆధారం ఉండేది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండగా పెడల్ మీంచి పూర్తిగా కాలు తీస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. కంప్యూటరు ఆ సంగతి గ్రహించి ఇంజెక్టర్లను మూసేస్తుంది. పెట్రోలు ఖర్చు సున్నా. అప్పటికప్పుడు మైలేజీ చూపించే గీత మీ డాష్‌బోర్డులో ఉంటే, కాలు తీయగానే అది ఒక్క ఉదుటున చివరిదాకా వెళ్లడం చూస్తారు. న్యూట్రల్‌లో పెడితే చక్రాలతో తెగతెంపులు అయిపోతాయి. ఇంజను ఆగిపోకుండా తనను తాను తిప్పుకోవడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఆ సమయంలో మీకు ఇంజను బ్రేకింగ్ కూడా ఉండదు. తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడో, శ్రీశైలం ఘాట్‌లోనో ఆ పని చేస్తే బరువంతా బ్రేకుల మీదే పడి, అవి కాలి పట్టు తప్పుతాయి. ఈ సలహా చెప్పే వీడియోలకు లక్షల మంది చూపరులు ఉండటం చూస్తే నాకు భయమేస్తుంది.

రైల్వే గేటు దగ్గరా, బంధువుల ఇంటి ముందు ఫోనులో మాట్లాడుతూనూ ఇంజను ఆడుతూనే వదిలేస్తే మరో ఖర్చు. చిన్న పెట్రోలు ఇంజను నిలబడి ఉండటానికే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. కొన్ని కార్లలో సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. లేకపోతే తాళం చెవి ఉందిగా.

సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎకో మీద ఆశ పెట్టుకోకండి. అక్కడ మైలేజీని తేల్చేది వేగం ఒక్కటే. గాలి అడ్డు వేగపు వర్గం (వేగం × వేగం) లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే వేగం పెరిగింది నాలుగో వంతే, గాలి తోపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీ కారుకు 80లో సుమారు పదకొండు హార్స్‌పవర్ చాలు. 100లో పద్దెనిమిది కావాలి. టైర్ల రాపిడి కూడా కలిపి చూస్తే కిలోమీటరుకు పడే శ్రమ దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఎకో పెట్టుకుని 100లో పోయే మనిషికంటే స్పోర్ట్‌లో పెట్టి 80లో పోయే మనిషే పెట్రోలు మిగిల్చుకుంటాడు. బ్రోచర్లో చెప్పిన మైలేజీ మీకెప్పుడూ రాకపోవడానికి కారణమూ ఇక్కడే ఉంది. ఆ పరీక్షను రోడ్డు మీద చేయరు. ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, 90 దాటకుండా చేస్తారు.

ఎకోను ఆపేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. మీ రోడ్డు మీద గ్రానైట్ బండల లారీలు తిరుగుతాయి. వాటిని దాటేటప్పుడు ఎదురుగా వచ్చే బస్సు మీరు అంచనా వేసుకున్నదానికంటే ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. ఆ క్షణంలో పిసినారి ఆఫీసరుతో బేరాలు పనికిరావు. దాటాలని నిర్ణయించుకున్నాక, లారీ వెనకాల ఉండగానే నార్మల్‌కు మార్చండి, సగం దాటాక కాదు. నిండా మనుషులతో, సామానుతో ఘాట్ ఎక్కేటప్పుడు కూడా అంతే. పై గేరులో ఇంజను మూలుగుతూ లాగుతుంటే పొదుపు కాదు కదా, ఇంజనుకే చేటు. మామూలు దారిన పడ్డాక మళ్లీ ఎకో నొక్కుకోండి. ఆ మీటకు అలక ఉండదు.

ఇంత చెప్పినా మీరు టీచరు కాబట్టి లెక్క మీరే తేల్చుకోవాలనుకుంటారు. మంచిదే, కానీ పద్ధతి ప్రకారం చేయండి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర ట్యాంకు నింపించండి. నాజిల్ తనంతట 'టక్' మని ఆగిన మొదటిసారికే చాలు అనండి. ఆ కుర్రాడు రౌండు ఫిగరు చేస్తానని ఇంకో రెండు నొక్కులు నొక్కబోతాడు, వద్దనండి. ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ అక్కడే నింపించి, కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. డాష్‌బోర్డు మీటరు చెప్పేది సాధారణంగా కాస్త ఎక్కువే ఉంటుంది. దాన్ని నమ్మకండి. ఒకసారి నింపిన ట్యాంకు ఎకోలో, రెండోది నార్మల్‌లో, మూడోది మళ్లీ ఎకోలో, నాలుగోది నార్మల్‌లో. ఇలా మార్చి మార్చి, ఒకే కాలంలో, ఏసీ ఒకే అంకె మీద. ఒక్క ట్యాంకుతో తేల్చేద్దామనుకుంటే కుదరదు. 25 లీటర్లు నింపడంలో అర లీటరు అటూ ఇటూ అయితేనే రెండు శాతం తప్పు వస్తుంది. మీరు పట్టుకోవాలనుకుంటున్న తేడా కూడా దాదాపు అంతే. టైర్లలో గాలి మొదటి రోజే డోరు పక్కన చీటీలో ఉన్న అంకెకు పట్టించి, నెలకోసారి చూసుకోండి. పాత కార్లున్నవాళ్లు మూడేళ్ల కిందటి మైలేజీతో పోల్చుకుని ఎకోను తిట్టకూడదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. ఆ తగ్గుదలకు ఏ మీటా బాధ్యురాలు కాదు.

ఇక మీ అబ్బాయి స్కూటరు. పేరు ఒకటే గానీ పని వేరు. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఎకో పెడితే చాలావాటికి గరిష్ఠ వేగానికే కళ్లెం పడుతుంది. మీ కారులో ఎకో ఎంత వేగమైనా పోనిస్తుంది, కాస్త సణుగుతుంది అంతే. స్కూటరులో అసలు పోనివ్వదు. అందువల్ల గాలి అడ్డు లెక్క ఇక్కడ నేరుగా పనిచేస్తుంది. 60లో పోయే స్కూటరును గాలి తోసే బలం 40లో ఉన్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. పైగా పెట్రోలు ఇంజనుకున్న స్ట్రా బాధ మోటారుకు లేదు. తక్కువ పని చెప్పినా పెద్దగా వృథా చేయదు. మిగిల్చిన శక్తి బ్యాటరీలో కనిపిస్తుంది. కాబట్టి ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం ఎకోలో బాగా పెరుగుతుందని కంపెనీలు చెప్పేది ఈ ఒక్క విషయంలో నమ్మదగ్గదే. చార్జింగ్ తగ్గిపోయి ఇల్లు ఇంకా దూరం ఉన్న రాత్రి అతనికి ఆ మీట అక్షరాలా అక్కరకొస్తుంది. మిగతా రోజుల్లో కాలేజీకి ఐదు నిమిషాలు ముందు బయల్దేరడానికి అతను ఒప్పుకుంటాడా లేదా అన్నది మీ ఇంటి వ్యవహారం.